మరచిపోయానని చెప్పిన మా యోసేపన్న

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది ఆగస్టు ఇరవై ఒకటవ తేదీన నర్మెట్ట విద్యుత్ సెక్షన్‌లో హెల్పర్‌గా ఉద్యోగ ప్రవేశం చేసిన శ్రీ మేకల యోసేపు గారు, మూడున్నర దశాబ్దాలు దాటిన సేవానంతరం, రెండు వేల ఇరవై ఐదు జులై ముప్పై ఒకటవ తేదీన భూపాలపల్లిలో లైన్‌మన్ హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో వారు వేసిన స్తంభాలూ, లాగిన తీగలూ, వెలిగించిన ఇళ్లూ వారి సేవకు సాక్ష్యంగా ఉన్నాయి కనుక, ఆ పనుల చిట్టా విప్పి సభ వారిని విసిగించే ఉద్దేశం నాకు లేదు.

నా పేరు బానోత్ ధన్‌సింగ్. ఇదే సెక్షన్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌ను. యోసేపు గారి చేతి కింద పని నేర్చుకున్నవాణ్ని గనుక ఈ సన్మాన సంచికకు వ్యాసం రాసే బాధ్యతను మిత్రులు నా మీద పెట్టారు. నేనూ ఒక ఆదివారమంతా కూర్చొని, కార్యదీక్షాపరులనీ, సౌజన్యమూర్తులనీ, నిష్కామ కర్మయోగులనీ నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ పేర్చి ఒక వ్యాసం తయారుచేసి, వారి ఇంటికి వెళ్లి చదివి వినిపించాను. వారు కళ్లు మూసుకొని శ్రద్ధగా విని, "మంచిగుంది తమ్మీ. ఇది ఎవల గురించి?" అన్నారు. వారి సతీమణి సాలమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. నేనూ నవ్వాను గానీ, వారు నవ్వలేదు.

తర్వాత వారే అన్నారు: "నేను నిన్ను మర్చిపోయింది రాయి. అది రాయకుంటె నా గురించి ఏం రాసినట్టు?"

అందువల్ల ఆ కాగితాలు పక్కన పడేసి, వారి ఆజ్ఞ ప్రకారం ఈ వ్యాసం మళ్లీ రాస్తున్నాను. సన్మాన సంచికలో ఇటువంటి సంగతులు ఉండవచ్చునా అని ఎవరికైనా సందేహం కలిగితే, దయచేసి నన్ను కాకుండా యోసేపు గారినే అడగవలసిందిగా ప్రార్థన.

నర్మెట్టలో హెల్పర్‌గా ఉన్న తొలి సంవత్సరాల్లో వారి పని గుంతలు తవ్వడం, స్తంభాలు భుజాన మోయడం, పైన ఉన్న లైన్‌మన్‌కు తాడు అందించడం. ఆ రాతి నేలలో గడ్డపార దిగడం ఎంత కష్టమో జనగామ వైపు వారికి నేను చెప్పనవసరం లేదు. పగలంతా ఆ పని చేసి, సాయంత్రం చర్చిలో పాటలు పాడేవారట. పాటల పుస్తకం చేతిలో పట్టుకోవడం వారికి అలవాటు లేదు. ఎన్ని చరణాలున్నా, ఎంత పాత కీర్తన అయినా, ఒకసారి వింటే వారి నోట నిలిచిపోయేది. సాలమ్మ గారు వారిని మొదట చూసింది ఆ పాటల దగ్గరే అని మాకు తెలుసు, ఆమె ఒప్పుకోకపోయినా.

పంతొమ్మిది వందల తొంభై ఆరులో జూనియర్ లైన్‌మన్‌గా మహబూబాబాద్ ప్రాంతానికి బదిలీ అయ్యారు. రెండేళ్ల తర్వాత నేను ఉద్యోగంలో చేరి వారి వద్దకు వచ్చాను. తండా నుంచి వచ్చిన నాకు స్తంభం ఎక్కడం రాదు, ఆఫీసులో మాట్లాడటం అంతకన్నా రాదు. నడుముకు తాడు ఎలా కట్టుకోవాలో, తీగను ముట్టుకునే ముందు దాన్ని ఎలా అనుమానించాలో వారే నేర్పారు. మధ్యాహ్నం వారి డబ్బాలో సగం నాది. సాలమ్మ అక్క చేసిన జొన్న రొట్టె కోసమే నేను ఆ ఊళ్లో బదిలీ అడగకుండా ఉన్నానని మిత్రులు ఆటపట్టించేవారు, అందులో అబద్ధం కూడా లేదు.

ఆ కాలంలో యోసేపు గారి జ్ఞాపకశక్తి మా శాఖలో ఒక వింతగా ఉండేది. ఏ ఫీడరు లైను మీద ఏ మలుపులో పింగాణీ చిప్ప పగిలిందో, ఏ రైతు మోటారు ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉందో, ఆ రైతుకూ పక్క పొలం రైతుకూ మాటలున్నాయో లేదో కూడా వారికి తెలుసు. గాలివానకు లైన్లు పడిపోయిన రోజున అధికారులు పటాలు వెతుక్కుంటూ ఉండగానే వారు కళ్లు మూసుకొని, ఫలానా వాగు ఒడ్డున మొదలుపెట్టండి అని చెప్పేవారు. మాకు అది ఎంత అలవాటైపోయిందంటే, ఏదైనా గుర్తుపెట్టుకోవలసి వస్తే, రాసుడెందుకు, యోసేపన్నకు చెప్తే అయిపాయె అనేవాళ్లం.

రెండు వేల ఆరులో వారు భూపాలపల్లికి వచ్చి, లైన్‌మన్‌గా ఒక సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ బాధ్యత స్వీకరించారు. మరుసటి ఏడు నేనూ వచ్చాను. మా పని తెలియని బంధుమిత్రుల కోసం ఇక్కడ ఒక విషయం వివరించాలి. లైన్ మీద పని చేయవలసిన మనిషి ముందుగా సబ్‌స్టేషన్‌లోని ఆపరేటర్‌కు చెప్పి, ఆ లైనుకు కరెంటు ఆపించుకోవాలి. దీన్ని మేము ఎల్.సి., అంటే లైన్ క్లియర్, తీసుకోవడం అంటాం. పని ముగించి దిగి, ఎల్.సి. తిరిగి ఇచ్చేశాను అని ఆ మనిషే చెప్పేంతవరకు ఆపరేటర్ ఆ లైనుకు కరెంటు ఇవ్వరాదు. ఇదంతా కాగితం మీద, సంతకాలతో జరగాలన్నది నియమం. కానీ కుర్చీలో యోసేపన్న ఉన్నప్పుడు మాకు కాగితం ఎందుకు? ఫోన్‌లో ఒక మాట చెప్పి స్తంభం ఎక్కేవాళ్లం. ఒకేసారి నలుగురైదుగురం వేర్వేరు ఊళ్లలో స్తంభాల మీద ఉన్నా, ఎవరు ఎక్కడ ఉన్నారో వారి తలలో భద్రంగా ఉండేది. మా ప్రాణాలను వారి జ్ఞాపకానికి అప్పగించి హాయిగా పని చేసుకున్న రోజులవి.

రెండు వేల పదకొండు వానాకాలంలో వారికి జ్వరం పట్టుకుంది. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద దెబ్బ తగలకుండానే నల్లని మచ్చలు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. కామెర్లేమోనని పసరు మందు తాగారు, మలేరియా ఏమోనని మాత్రలు మింగారు. చివరకు రక్త పరీక్ష చేసిన వైద్యులు ఆలస్యం చేయక హైదరాబాద్ వెళ్లమన్నారు. అక్కడ అది రక్త క్యాన్సర్ అని తేలింది. తర్వాత వారికి రక్తకణాలు ఎక్కించవలసి వచ్చినప్పుడల్లా మావాళ్లు జీపులో వంతులవారీగా వెళ్లి ఇచ్చి వచ్చారు. రక్తమంటే కళ్లు తిరిగే మా బలరాం కూడా, కళ్లు గట్టిగా మూసుకొని, రెండు సార్లు వెళ్లాడు.

సెలైన్‌లో ఎక్కించే మందులతో నెలల తరబడి చికిత్స జరిగాక, తలకు రేడియేషన్ పెట్టాలన్నారు. తలలో జబ్బు లేదు కదా, ఎందుకని సాలమ్మ గారు అడిగారట. రక్తంలో తిరిగే మందు మెదడు పొరల్లోకి సరిగా చేరదనీ, ఈ జబ్బు కణాలు అక్కడ దాక్కొని మళ్లీ పైకి లేవగలవనీ, వాటికి ఆ చోటు లేకుండా చేయడానికే ఈ కిరణాలనీ వైద్యులు చెప్పారు. ముఖానికి సరిగ్గా అతికే వలలాంటి ముసుగు ఒకటి తయారుచేసి, దానితో తలను బల్లకు బిగించి, కదలకుండా పడుకోబెట్టేవారు. నేను చూడటానికి వెళితే, "చేపలెక్క వలల పడ్డ తమ్మీ" అన్నారు. తర్వాతి రోజుల్లో జ్ఞాపకశక్తి కొంత తగ్గవచ్చునని కూడా వైద్యులు ముందుగానే హెచ్చరించారు. మనిషి దక్కితే చాలు, జ్ఞాపకం ఎవరిక్కావాలి అని ఆనాడు మేమందరం అనుకున్నాం. అలా అనుకోవడం తప్పని ఇప్పటికీ నేను అనను.

మనిషి దక్కారు. రెండు వేల పదమూడులో వారు తిరిగి విధుల్లో చేరిన రోజు మేము సబ్‌స్టేషన్‌లో మిఠాయిలు పంచాం. వారి పాత కుర్చీలోనే వారిని కూర్చోబెట్టాం. జబ్బు మళ్లీ కనిపించలేదని వైద్యులు ప్రతిసారీ చెబుతూ వచ్చారు. జుట్టు మాత్రం ఉంగరాలు తిరిగి మొలిచింది, దాన్ని చూసి అక్క కొత్త పెళ్లికొడుకని వెక్కిరించేది.

మార్పు మెల్లగా వచ్చింది. చెప్పిన మాటే మళ్లీ చెప్పేవారు. ఇంటి నుంచి నాలుగు సరుకులకు బయలుదేరి ఒకటి తెచ్చేవారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తల పట్టుకునేవారు. నన్ను, "తమ్మీ, చాయ తాగినవా" అని అడిగి తాగించి, అరగంటకు మళ్లీ అడిగేవారు. తాగానని చెబితే వారి ముఖం చిన్నబోతుందని నేను మళ్లీ తాగేవాణ్ని. ఈనాడు నాకున్న షుగర్‌లో కొంత భాగానికి యోసేపు గారే కారకులని ఈ సంచిక ముఖంగా తెలియజేస్తున్నాను. విచిత్రమేమంటే, మహబూబాబాద్‌లో పదిహేనేళ్ల క్రితం వేసిన స్తంభం ఎవరి పొలంలో ఉందో అడిగితే తడుముకోకుండా చెప్పేవారు. పొద్దున ఏం తిన్నారంటే మాత్రం సాలమ్మ గారి వైపు చూసేవారు. చర్చిలో పాట మధ్యలో ఆగిపోయి, పెదవులు మాత్రం కదుపుతూ నిలబడటం ఆమె చూసింది. నీరసమని ఆమె అనుకుంది, మేమూ అలాగే అనుకున్నాం. మేము మాత్రం వారి దగ్గర ఫోన్‌లో ఎల్.సి. తీసుకోవడం మానలేదు. కాగితం రాయమంటే వారి మనసు నొచ్చుకుంటుందని అందరికీ మొహమాటం.

రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరిలో, యాసంగి నాట్ల హడావిడిలో, ఒక పదకొండు కె.వి. ఫీడర్ మీద జంపర్, అంటే రెండు తీగలను కలిపే ముక్క, తెగింది. నేను యోసేపు గారికి ఫోన్ చేసి ఎల్.సి. తీసుకున్నాను. వారు కరెంటు ఆపి, ఎక్కు తమ్మీ అన్నారు. నేను ఎక్కాను. పొరపాటున కరెంటు వచ్చినా మనిషిని కాపాడే ఎర్తింగ్ రాడ్డు, ఆ రోజుల్లో సెక్షన్ మొత్తానికి ఒకటే ఉన్నది, వేరే పనికి వెళ్లింది. పొలాలకు నీళ్లు ఆగిపోవడంతో రైతులు ఒకరి వెంట ఒకరు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కేకలు వేస్తున్నారు. యోసేపు గారు ప్యానెల్ వైపు చూశారు. ఫీడరు ఆగి ఉంది. ఎందుకు ఆగిందో గుర్తు రాలేదు. అదంతట అదే ట్రిప్ అయి ఆగి ఉంటుందనుకొని, లేచి వెళ్లి, కరెంటు ఇచ్చే హ్యాండిల్ మీద చెయ్యి వేశారు.

అదే సమయానికి సాలమ్మ గారు మధ్యాహ్నం డబ్బా తీసుకొని లోపలికి వచ్చారు. ఆమెకు మా పని గురించి తెలిసింది తక్కువ. "ధన్‌సింగ్ తమ్ముడేడి? రొట్టె తింటనన్నడని ఇద్దరికి కట్టుకొచ్చిన" అని మాత్రం అడిగారు.

యోసేపు గారు చెయ్యి వెనక్కి తీసుకొని నాకు ఫోన్ చేశారు. జేబులో మోగుతుంటే ఒక చేత్తో తీసి ఎత్తాను.

"ఏడున్నవ్ తమ్మీ?"

"స్తంభం మీదున్ననన్నా. నీకు చెప్పే ఎక్కితి గద."

"దిగు తమ్మీ. జర మెల్లగ దిగు" అన్నారు.

ఏదో ప్రమాదం జరిగిందనుకొని నేను సబ్‌స్టేషన్‌కు వెళ్లేసరికి, వారు కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకొని నిలబడి ఉన్నారు. కరెంటు ఇవ్వబోయిన సంగతి వారికి తప్ప ఎవరికీ తెలియదు. రొట్టెలు విప్పుతున్న సాలమ్మ గారికి కూడా తెలియదు. ఆ చెయ్యిని ఎవరూ చూడలేదు. ఏమీ లేదు తమ్మీ, అన్నం తిను అని వారు అని ఉంటే, నేను తిని, మళ్లీ వెళ్లి ఎక్కేవాణ్ని. మరుసటి వారం బలరామో ఇంకొకరో అలాగే ఎక్కేవారు.

వారు మాత్రం బలరాంను, బయట ఉన్న మిగతా వారిని కూడా లోపలికి పిలిచి, అందరి ముందు నాతో చెప్పారు: "తమ్మీ, నిన్ను నేను మర్చిపోయిన. చెయ్యి హ్యాండిల్ మీదికి పోయింది. మీ అక్క అడగకుంటె నువ్వు ఇయ్యాల ఇంటికి పోకపోతుంటివి."

నాకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. వారి ముఖం చూశాక ఆ కోపం నిలవలేదు. వేలాది పేర్లు మోసిన ఆ తలలో ఆ ఒక్క గంట నా పేరు లేకుండా పోయిందని ఒప్పుకోవడం వారికి క్యాన్సర్ కన్నా ఎక్కువ బాధగా ఉందని నాకు అర్థమైంది. అక్క నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది.

ఈ సంగతి నాలుగు గోడల మధ్యే ఉంచుదామని బలరాం అన్నాడు. బయటపడితే పనికిరాడని రాసి ఇంటికి పంపుతారనీ, కొడుకు సాంసన్ చదువు, కూతురు శ్వేత చదువు సగంలో ఉన్నాయనీ బతిమాలాడు. అది తప్పుడు సలహా అని నేను అనలేను, ప్రేమతో చెప్పిందే. యోసేపు గారు విని, "నౌకరి పోతె కూలికి పోత. మనిషి పోతె యాడికెల్లి తెద్దాం?" అని, చెప్పులు వేసుకొని నేరుగా సెక్షన్ ఆఫీసుకు నడిచారు. అప్పట్లో మా అసిస్టెంట్ ఇంజనీర్‌గా ఉన్న శ్రీమతి ఉమారాణి గారికి జరిగిందంతా చెప్పి, తనను ఆ కుర్చీలో ఇక కూర్చోబెట్టవద్దని వేడుకున్నారు.

ఉమారాణి గారు వయసులో మా అందరికన్నా చిన్నవారు, ఉద్యోగానికి కొత్త. ఫైలు పైకి పంపి చేతులు దులుపుకోవడం వారికి తేలిక. వారు అలా చేయలేదు. ముందు వైద్యుల మాట విందామని సెలవు మంజూరు చేసి, హైదరాబాద్ పంపారు. అక్కతో పాటు నేనూ వెంట వెళ్లాను. అక్కడ ఒక వైద్యురాలు యోసేపు గారితో గడియారం బొమ్మ గీయించారు, కొన్ని మాటలు చెప్పి కాసేపటి తర్వాత అడిగారు, అంకెలు వెనక నుంచి చెప్పమన్నారు. వారు చెమటలు కక్కారు. ఐదు మాటల్లో రెండు దొరికాయి. పరీక్షలో తప్పిన పిల్లవాడిలా నేల చూపులు చూస్తూ కూర్చున్నారు.

ఆ వైద్యురాలు చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. ఇది నిర్లక్ష్యం కాదు, బద్ధకం కాదు, పిచ్చి అసలే కాదు అన్నారు. జబ్బు మెదడులోకి చేరకుండా కాపాడిన ఆ కిరణాలే మెదడులో కొంత నష్టం కూడా చేశాయనీ, అది వెంటనే కాక నెలలూ సంవత్సరాలూ గడిచాక బయటపడుతుందనీ చెప్పారు. పాత జ్ఞాపకాలు చాలావరకు చెక్కుచెదరవట. కొత్తది పట్టుకోవడం, ఒకేసారి రెండు పనులు మనసులో ఉంచుకోవడం, చకచకా ఆలోచించడం కష్టమవుతాయట. పోయినదాన్ని పూర్తిగా తిరిగి తెచ్చే మాత్ర లేదని దాచకుండా చెప్పారు. వేళకు నిద్ర, ఒక పద్ధతిగా దినచర్య, ఒకసారి ఒకే పని, ఇవి ఉంటే ఆయన చాలా చేయగలరన్నారు. అక్క అప్పుడు ఒక మాట అడిగింది: "ఆయిన నా మాట లెక్కచేస్తలేడని ఏడాది సంది కొట్లాడిన డాక్టరమ్మా. గది జబ్బేనా?" జబ్బే అని వైద్యురాలు అన్నారు. వచ్చేటప్పుడు బస్సులో అక్క ఆయన చెయ్యి వదలలేదు.

ఒకసారి ఒకే పని అన్న మాటను ఉమారాణి గారు పట్టుకున్నారు. మొదటిది, ఆ రోజు నుంచి సెక్షన్‌లో నోటిమాటతో ఎల్.సి. బంద్. ఆపరేటర్ ఎవరైనా సరే, మనిషి సబ్‌స్టేషన్‌కు వచ్చి కాగితం మీద సంతకం పెట్టి వెళ్లాలి, దిగాక మళ్లీ వచ్చి తానే సంతకం పెట్టాలి. రెండవది, యోసేపు గారు కుర్చీ వదిలి మాతో పాటు లైన్ మీదికి రావాలి. స్తంభం ఎక్కకూడదు. కింద నిలబడి, పైన ఉన్న మనిషిని కనిపెట్టుకొని ఉండాలి. అంతకుమించి ఏ పనీ వారికి చెప్పకూడదు.

మొదటి నియమానికి మేము గొణిగాం. పొలాల మధ్య నుంచి సబ్‌స్టేషన్ దాకా వచ్చి సంతకం పెట్టి పోవడమంటే సగం పూట పోతుంది. యోసేపన్న తల చెడితే మాకెందుకీ తిప్పలని బలరాం ఒకరోజు పైకే అనేశాడు. వారు పక్కనే ఉన్నారు. నొచ్చుకుంటారని మేము భయపడితే, వారు నెమ్మదిగా, "నా తల మంచిగున్నప్పుడే కాగితం రాయాల్సుండె తమ్మీ. నేను యాదుంచుకుంట ఉంటి, మీరు రాసుడు మర్చిపోతిరి" అన్నారు. బలరాం ఆ తర్వాత ఎల్.సి. కాగితం లేకుండా స్తంభం ఎక్కలేదు, ఎవరినీ ఎక్కనివ్వలేదు.

రెండవ నియమం వారికి కష్టమైంది. పెద్ద లైన్‌మన్ కింద ఊరికే నిలబడటం చూసి ఊళ్లలో వాళ్లు, ఏం యోసేపన్నా, భయమైతాందా అని పరాచికాలాడేవారు. మొదటి నెలల్లో వారు ఆ మాటలకు తల దించుకునేవారు. తర్వాత వాటిని వినడమే మానేశారు. కింద నిలబడితే ఫోన్ ఆపేసేవారు. ఎవరు పలకరించినా పలికేవారు కాదు. చెల్పూర్ దగ్గర ఒక గ్రామ పెద్దమనిషి నమస్కారం పెడితే చూడనైనా చూడలేదని, కరెంటోళ్లకు ఇంత పొగరా అని మా మీద ఫిర్యాదు చేశాడు. విచారణకు వచ్చిన ఉమారాణి గారు ఆయన్ను స్తంభం దగ్గరికే తీసుకెళ్లి, పైనున్న బలరాంను చూపించి, మీ కొడుకు అక్కడ ఉంటే కింద మనిషి మీకు నమస్కారం పెట్టాలా, అతన్ని చూడాలా అని అడిగారు. ఆ పెద్దమనిషి ఆ పూట మా అందరికీ సోడాలు తెప్పించాడు.

యోసేపు గారు మనకు మునుపటి మనిషిగా తిరిగి వచ్చారని నేను రాయను. అలా రాస్తే వారు మళ్లీ, ఇది ఎవల గురించి అంటారు. కొత్తగా చేరిన వారి పేర్లు వారికి నిలవలేదు. ప్రమోషన్ వచ్చినప్పుడు, అది తాను మోయలేనని వద్దనుకున్నారు. వారి చేతి కింద పని నేర్చుకున్న నేను వారికి పై అధికారిని అయ్యాను. ఆ రోజు నాకు సిగ్గేస్తే, వారే ముందుగా లేచి నిలబడి నమస్కరించి నన్ను మరింత సిగ్గుపడేలా చేశారు. చర్చిలో ఇప్పుడు పాటల పుస్తకం పట్టుకుంటారు. అక్క పక్కన నిలబడి వేలితో చరణం చూపిస్తుంది. కొన్ని రోజులు మంచిగా ఉంటాయి, కొన్ని రోజులు ఉండవు. ఈ పదకొండేళ్లూ అక్క పొద్దున్నే డబ్బాతో పాటు ఆ రోజు ఏమి చేయాలో కూడా నెమ్మదిగా చెప్పి పంపింది. సాంసన్ ఇప్పుడు హనుమకొండలో రక్త పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాడు, శ్వేత టీచరైంది. ఈ ఉద్యోగం నిలబడిందంటే అందులో సగం జీతం సాలమ్మ గారిదని మేమంతా ఒప్పుకుంటాం.

ఇక నా వంతు కృతజ్ఞత. ఆ ఫిబ్రవరి నాటికి నా చిన్న బిడ్డ పాలు తాగుతున్నది. ఇప్పుడు హైస్కూలుకు పోతున్నది, నాతో వాదిస్తుంది, గెలుస్తుంది. మా అమ్మ చివరి రోజుల్లో నేనే గంజి తాగించాను. తండాలో ఇల్లు కట్టాను. ఇవన్నీ నాకు ఇచ్చింది ఒక చెయ్యి వెనక్కి తీసుకోవడం మాత్రమే కాదు, అది సాలమ్మ అక్క రొట్టెల పుణ్యం. ఆ తర్వాత నోరు తెరిచి నిజం చెప్పడం యోసేపు గారిది. వారు చెప్పకపోయి ఉంటే ఆ రోజు బతికిన నేను మరో రోజు పోయేవాణ్ని, లేదా నాకు బదులు ఇంకొకరు పోయేవారు. మా సెక్షన్‌లో ఆనాటి నుంచి ఈనాటి దాకా లైన్ మీదికి వెళ్లిన ప్రతి మనిషీ తన కాళ్ల మీద తాను ఇంటికి నడిచి వెళ్లాడు. ఒక ఉద్యోగి గురించి ఇంతకన్నా గొప్ప మాట మా శాఖలో లేదు. జ్ఞాపకశక్తి ఉన్నన్నాళ్లు దానితోనూ, అది తగ్గాక నిజాయితీతోనూ మమ్మల్ని కాపాడిన యోసేపు గారికి, వారిని మాకు దక్కించిన వైద్యులకు, వారిని వదులుకోని ఉమారాణి గారికి, సెక్షన్ సిబ్బంది అందరి పక్షాన నమస్కరిస్తున్నాను.

మొన్న జూన్ నెలాఖరున కాలనీ అంచున ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వారి ఆఖరి డ్యూటీల్లో ఒకటి జరిగింది. పైన నేనూ బలరామూ ఉన్నాం. ఎండ మండుతోంది. రిటైరయ్యే మనిషి కదా అని ఎదురింటి వాళ్లు నీడలో కుర్చీ వేసి, కూర్చోమని ఎంత పిలిచినా వారు కదలలేదు. పని అయ్యింది, బలరాం దిగాడు, నేను దిగాను. వారు ఇంకా పైకే చూస్తున్నారు. ఎంతమంది ఎక్కామో వారికి ఆ క్షణాన గుర్తు లేదని నాకు తెలిసింది. గుర్తు లేదు గనుకనే, ఖాళీ స్తంభాన్ని కూడా నమ్మక, మా ఇద్దరి భుజాలనూ చేత్తో తడిమి చూశారు. "ఇంకెవలన్న ఉన్నరా తమ్మీ పైన?" అని అడిగారు.

యోసేపన్నా, మీకూ సాలమ్మ అక్కకూ సంపూర్ణ ఆరోగ్యమూ, దీర్ఘాయుష్షూ, మనుమలు మనుమరాండ్ల సందడిలో నిశ్చింతగా గడిచే రోజులూ ప్రాప్తించాలని మా అందరి ఆకాంక్ష. రేపు మీకు మా పేర్లు గుర్తు రాకపోయినా ఏమీ కాదు, మేమే వచ్చి చెప్పుకుంటాం. మొన్న స్తంభం కింద మీరు అడిగిన మాటకు జవాబు మాత్రం ఇక్కడ అచ్చులో పెడుతున్నాను, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు అక్కతో చదివించుకోండి. పైన ఎవలు లేరన్నా. అందరం దిగినం. ఇగ మీరు కూసోండ్రి.